పొరుగువాని కథకు సాక్షి: ఓవిడ్ పురాణ కావ్యపు ఆంగ్ల పద్యానువాదములు – ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతము

లాటిను కవి ఓవిడ్ వ్రాసిన పురాణ కావ్యమునకు, ఖమ్మం – భద్రాచలం అడవి అంచున సేవ చేసే సంఘకాపరికి సంబంధమేమిటని చదువరులు అడుగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. తాము నమ్మని దేవతల కథలను తమ ప్రజలకు తమ భాషలో చెప్పే పనిని ఆంగ్ల కవులు నాలుగున్నర శతాబ్దములుగా చేస్తూ వచ్చారు. వారిలో తొలివారు భక్తిగల క్రైస్తవులు. ఒకడు కాల్విన్ ప్రసంగములను ఆంగ్లములోనికి తెచ్చినవాడు. మరొకడు ఆర్చిబిషప్పు కుమారుడు, దావీదు కీర్తనలను ఆంగ్ల పద్యములుగా కూర్చినవాడు. మనము కూడ చేస్తున్నది ఇదే పని. భద్రాచలములో రాముని కథ, పర్ణశాలలో సీత కథ, మేడారములో సమ్మక్క సారలమ్మల కథ వినబడే ప్రాంతములో మన సంఘములు ఉన్నాయి. ఆ కథలను మనము ప్రసంగములలో ఉదహరిస్తాము, ఖండిస్తాము, కొన్నిసార్లు క్రీస్తునకు ఛాయగా చూపిస్తాము. అలా చెప్పిన ప్రతిసారీ మనము అనువాదకులమే.

ఈ వ్యాసములో మేము ఓవిడ్ కావ్యమునకు వచ్చిన ముఖ్యమైన ఆంగ్ల పద్యానువాదములను ఒకే ప్రశ్నతో పరిశీలిస్తాము. అనువాదకుడు పొరుగువాని కథను పొరుగువాడు చెప్పినట్లే చెప్పాడా, లేక తన నమ్మకమును అతని నోట పెట్టాడా? పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకకూడదన్న ఆజ్ఞ (నిర్గమ. 20:16) న్యాయస్థానమునకే గాక అనువాదకుని బల్లకు, ప్రసంగపీఠమునకు కూడ వర్తిస్తుందన్నది మా వాదన.

కవి, కావ్యము

ఓవిడ్ క్రీ.పూ. 43లో ఇటలీలోని సుల్మోలో పుట్టాడు. క్రీ.శ. 8లో కైసరు ఔగుస్తు అతనిని నల్లసముద్రపు ఒడ్డున ఉన్న తోమిస్ పట్టణమునకు వెళ్లగొట్టాడు. లూకా 2:1లో ప్రజాసంఖ్య వ్రాయించిన కైసరే ఇతడు. వెళ్లగొట్టబడే నాటికి ఈ కావ్యము దాదాపు పూర్తయియున్నది. అనగా ప్రభువైన యేసు నజరేతులో బాలుడుగా ఉన్న రోజులలోనే ఇది రోములో రూపు దిద్దుకున్నది. అపొస్తలులు నడిచిన లోకములో ప్రజల నోళ్లలో నానుతున్న కథలెటువంటివో తెలుసుకొనుటకు ఇంతకంటె మంచి భాండాగారము తక్కువ.

కావ్యములో 15 సంపుటములు, ఇంచుమించు 12,000 పాదములు, సుమారు 250 కథలు ఉన్నాయి. దాని పేరు 'మెటమార్ఫోసెస్', అనగా రూపాంతరములు. మత్తయి 17:2లో ప్రభువు రూపాంతరము పొందుటకును, రోమా 12:2లో విశ్వాసులు రూపాంతరము పొందవలెననుటకును మూలములో వాడబడిన గ్రీకు క్రియ ఈ మాటకు సోదరియే. అయితే ఓవిడ్ కావ్యములో మనుష్యులు చెట్లుగా, పక్షులుగా, నదులుగా, రాళ్లుగా మారుతారు. పౌలు చెప్పినది మనస్సు మారి నూతనమగుటను గూర్చి. మాట ఒకటే, లోకములు రెండు. ఒకే మాట కనబడగానే ఒకే అర్థమని పొంగిపోకుండుట అనువాదకునికి మొదటి పరీక్ష.

ఒక్క చిన్న మాట, నాలుగు వేదాంతములు

కావ్యము సృష్టివర్ణనతో మొదలవుతుంది. ఆదిలో అంతా ఆకారము లేని ముద్ద. అందులో చలి వేడితో, తడి పొడితో పోరాడుతున్నవి. ఆ పోరును తీర్చినవారెవరు? దేవుడును, మేలైన ప్రకృతియు అని ఓవిడ్ చెబుతాడు. కొన్ని పాదముల తరువాత, ఈ పని చేసినవాడు దేవతలలో ఎవడైతేనేమి అన్నట్లుగా తన సందేహమును కూడ బయటపెడతాడు.

లాటిను భాషకు ఆంగ్లములో ఉన్నటువంటి ఉపపదములు లేవు. 'దేవుడు' అనే లాటిను మాటకు 'ఒకానొక దేవుడు', 'ఆ దేవుడు', 'దేవుడు' అను మూడు అర్థములూ పొసగుతాయి. మన తెలుగు కూడ అంతే. ఉపపదములు లేవు, పెద్దక్షరము చిన్నక్షరము అనే భేదము లేదు. ఓవిడ్ విడిచిన సందిగ్ధతను తెలుగువాడు అలాగే నిలుపగలడు. ఆంగ్ల అనువాదకుడు మాత్రము ఏదో ఒకటి ఎంచుకొనక తప్పదు. ఆ ఎంపికలో అతని వేదాంతము బయటపడుతుంది.

1567లో ఆర్థర్ గోల్డింగ్ దేవుని, ప్రకృతిని 'మరియు' అనే మాటతో కలిపి, 'మేలైన' అనే విశేషణమును వదిలేశాడు. ఆయన తరువాత జార్జ్ శాండిస్ ఆ 'మరియు'నే తీసివేసి, దేవుడే ఆ మేలైన ప్రకృతి అని ఇద్దరినీ ఒకరుగా చేశాడు. 1693లో జాన్ డ్రైడెన్ 'లేదా' అన్నాడు: దేవుడు లేదా ప్రకృతి. స్పినోజా తత్త్వగ్రంథము వెలువడిన 1677 తరువాత ఐరోపాలో ఆ 'లేదా'కు ఉన్న బరువు వేదాంత విద్యార్థులకు తెలుసు. డ్రైడెన్ స్పినోజాను అనుసరించాడని మేము అనము. గాని ఆ కాలపు చదువరి చెవిలో ఆ మాట మ్రోగక మానదు. 1997లో టెడ్ హ్యూస్ మరొక అడుగు వేసి, దేవుడు కాకుంటే అంతటి నేర్పుగల కళాకారుడెవరో అన్న ధోరణిలో వ్రాశాడు. మూలములో ఉన్నది ఒక్క సముచ్చయము. దానినుండి సేవకురాలైన ప్రకృతి, దేవునితో ఏకమైన ప్రకృతి, దేవునికి బదులుగా నిలువగల ప్రకృతి, చివరకు పేరులేని శిల్పి పుట్టుకొచ్చారు.

వీటిలో ఏది నమ్మదగినది? శాండిస్ మాట వినుటకు మనకు ఇంపుగా ఉంటుంది. అయితే అది ఓవిడ్ నోటి మాట కాదు. గోల్డింగ్ విశేషణమును పోగొట్టినా సముచ్చయమును నిలిపాడు. 'ఏ దేవుడో' అన్న తరువాతి సందేహమును గోల్డింగ్, డ్రైడెన్ ఇద్దరూ దాచకుండా ఉంచారు. ఇది మేము గొప్ప మేలుగా ఎంచుతాము. ఏథెన్సులో పౌలు ప్రసంగమునకు ఆధారమైనది తెలియబడని దేవునికి అని వ్రాసియున్న బలిపీఠమే (అ.కా. 17:23). ఎవరైనా భక్తిపరుడు ముందుగానే ఆ వ్రాతను సరిదిద్ది యెహోవా నామమును చెక్కియుంటే, పౌలునకు ఆ దినమున ప్రసంగ పాఠమే లేకపోయేది. పొరుగువాని సందేహము సువార్తకు తెరచిన తలుపు వంటిది. దానిని మన జవాబుతో ముందే పూడ్చే అనువాదకుడు ఆ తలుపును మూస్తున్నాడు.

గోల్డింగ్: ముందుమాట వేరు, పద్యము వేరు

గోల్డింగ్ (1536–1606) మొదటి నాలుగు సంపుటములను 1565లో, మొత్తమును 1567లో ప్రచురించాడు. తరువాత కీర్తనల గ్రంథముపై కాల్విన్ వ్యాఖ్యానమును (1571), యోబు ప్రసంగములను (1574), ద్వితీయోపదేశకాండ ప్రసంగములను (1583) ఆంగ్లములోనికి తెచ్చాడు. ఇంతటి కాల్విన్ భక్తుడు జూపితరు చేష్టల కథలను ఎలా ముట్టుకున్నాడని ఆశ్చర్యపడినవారు చాలామంది.

ఆయన ఎంచుకున్న ఛందస్సు 14 అక్షరముల దీర్ఘపాదము. దానిని ఎనిమిది, ఆరుగా విరిస్తే అది ఆనాటి ఆంగ్ల సంఘములు కీర్తనలు పాడుకొనిన కొలతే. మనకు బాగా తెలిసిన జాన్ న్యూటన్ గారి 'అమేజింగ్ గ్రేస్' (1779) కూడ ఆ కొలతలోనిదే. కాబట్టి గోల్డింగ్ అనువాదమును ఆ రాగములో పాడుకొనవచ్చు. రోము దేవతలు ఆంగ్ల సంఘపు కీర్తన బట్టలు కట్టుకొని వచ్చారన్నమాట. ఇందులో లాభము కలదు: కథ పల్లెటూరి నోటికి అందింది, పరుగులు తీసింది. నష్టము కూడ కలదు: ఓవిడ్‌లోని నాజూకు, ఎత్తిపొడుపు ఆ పొడవాటి పాదములలో మెత్తబడినవి.

పదముల ఎంపికలోను ఇదే సంగతి. ఏడవ సంపుటములో మేదేయ అనే మంత్రగత్తె కొండలను, ఏరులను, చెరువులను, వనదేవతలను పిలుస్తుంది. గోల్డింగ్ అక్కడ ఆంగ్ల పల్లెల అడవిలో ఆడుకొనే చిన్న మాయజీవులను తెలిపే మాటను వాడాడు. షేక్‌స్పియర్ 'టెంపెస్ట్' నాటకములో ప్రోస్పెరో పలుకులకు ఈ భాగమే ఆధారమైనది. మాట అందమైనదే; అయితే ఓవిడ్ చెప్పినది ప్రజలు మ్రొక్కిన శక్తులను గూర్చి. ఆంగ్ల పల్లెలోని మాయజీవులకు ఎవరూ మ్రొక్కరు. మ్రొక్కు పోయి ముచ్చట మిగిలింది.

అయినను గోల్డింగ్‌లో ఒక నీతి కనబడుతుంది. ఆయన లెస్టర్ ప్రభువునకు అంకితముగా పద్యములలో పెద్ద లేఖ వ్రాసి, ఒక్కొక్క కథకు నీతి చెప్పాడు. ఓవిడ్ సృష్టివర్ణనకు, మోషే వ్రాతలకు ఉన్న పోలికను అక్కడే వాదించాడు. బుద్ధి, జాగ్రత్త లేకుండా చదువవద్దని హెచ్చరించాడు. ఈ వాదనలన్నీ ముందుమాటలోనివి. పద్యములోనికి వచ్చేసరికి చాలావరకు ఓవిడ్‌ను మాట్లాడనిచ్చాడు. ముందుమాటలో కాల్విన్ శిష్యుడు. పద్యములో ఓవిడ్‌కు శ్రోత. తన నమ్మకమును దాచుకోలేదు, దానిని ఓవిడ్‌కు అంటగట్టనూ లేదు.

మన దేశములో కృష్ణమోహన్ బెనర్జీ గారు 1875లో 'ఆర్యన్ విట్‌నెస్' అను గ్రంథములో వేదములలోని ప్రజాపతి బలికి క్రీస్తు బలి నెరవేర్పని వాదించారు. ఆ వాదనతో ఏకీభవించినా లేకపోయినా, దాని పద్ధతిని గమనించవలెను. ఆయన తాను పుట్టి పెరిగిన సంప్రదాయమును గూర్చి, తన పేరుతో, తన వాదనగా వ్రాశారు. తరువాత మన ప్రసంగీకులలో కొందరు అదే సంగతిని, వేదమే క్రీస్తును గూర్చి స్పష్టముగా చెప్పినదన్నట్లు పలుకుట మొదలుపెట్టారు. వాదన మూలములో కలిసిపోయింది. అక్కడే సాక్ష్యము చెడింది.

శాండిస్: అడవి అంచున అనువాదము

జార్జ్ శాండిస్ (1578–1644) యార్క్ ఆర్చిబిషప్పు కుమారుడు. 1621లో వర్జీనియా వలసరాజ్యమునకు కోశాధికారిగా వెళ్లాడు. అనువాదములో కొంత ఓడ ప్రయాణములోనే సాగింది. మిగిలినది అమెరికాలోని అడవి అంచున రాత్రివేళలలో వ్రాశాడు. మొత్తము కావ్యము 1626లో అచ్చయింది. 1632లో వ్యాఖ్యానములతో, చిత్రములతో పెద్ద ప్రతి వచ్చింది. మన పూర్వకవులు 'తెనిగించితిమి' అన్నట్లే, ఆ ప్రతి శీర్షికలో ఓవిడ్ 'ఆంగ్లీకరించబడెను' అని ఉన్నది. పాదముల సంఖ్య మూలమునకు మించిపోకుండా బిగించి వ్రాయుట ఆయన ప్రత్యేకత. వ్యాఖ్యానమును గోల్డింగ్ వలెనే పద్యమునకు వెలుపల ఉంచాడు. పైన మనము చూచిన సృష్టి పాదములో మాత్రము వ్యాఖ్యానము పద్యములోనికి జారింది.

ఈ అనువాదము పుట్టిన చోటును మన ప్రాంతపు సేవకులు ప్రత్యేకముగా ఆలోచించవలెను. 1622 మార్చి 22న ఆదివాసులు వర్జీనియా వలస గ్రామములపై దాడి చేసి 347 మందిని చంపారు. ఆ పోరాటమునకు మూలము భూమి. తరువాత జరిగిన ప్రతీకార దాడులలో ఒకదానికి శాండిస్ స్వయముగా నాయకత్వము వహించాడు. కళాదేవతలకు బదులు యుద్ధములు, అలజడుల మధ్య ఈ పుస్తకము పుట్టినదని రాజునకు వ్రాసిన అంకితములో ఆయనే చెప్పుకున్నాడు. పదహారు శతాబ్దముల క్రితపు రోము కథలను ఒక్కొక్క పాదము తూచి తెచ్చిన మనిషికి, పొలిమేర అవతలనున్న జనుల గాథలు వ్యాఖ్యానములో అక్కడక్కడ ఉదాహరణలకు మాత్రమే పనికివచ్చాయి.

ఇందువలన శాండిస్ పద్యము చెడిపోయినదని మేము అనము. దూరపువాని కథను ఓపికగా వినుట సులభము. దగ్గరివాని కథను వినుట కష్టము, ఎందుకంటే మధ్యలో పొలము, పోడు, గట్టు తగాదా ఉంటాయి. సెమినరీ గ్రంథాలయములో గ్రీకు పురాణములను గౌరవముగా చదివి, ఊరిలోని పొరుగువాని కథను నవ్వులాటగా చెప్పే విద్యార్థికి శాండిస్ చరిత్ర ఒక హెచ్చరిక.

బౌకిస్, ఫిలేమోను: ఒక గుడిసె, రెండు అనువాదములు

ఎనిమిదవ సంపుటములోని ఒక కథ ఫ్రుగియ కొండలలో జరుగుతుంది. జూపితరు, మెర్కురీ మనుష్యుల వేషములో వస్తారు. వెయ్యి ఇండ్ల తలుపులు మూసుకుంటాయి. గడ్డి, రెల్లు కప్పిన ఒక గుడిసె మాత్రము తెరచుకుంటుంది. అందులో ఉన్నది బౌకిస్, ఫిలేమోను అను వృద్ధ దంపతులు. దూలమునకు వ్రేలాడే ఎండిన పందిమాంసములో ఒక ముక్క కోస్తారు. బల్లకు ఒక కాలు పొట్టి. దాని క్రింద కుండపెంకు పెట్టి సరిచేస్తారు. పుదీనా ఆకుతో బల్ల తుడుస్తారు. వేడి బూడిదలో త్రిప్పిన గ్రుడ్లు, జున్ను, పండ్లు, తేనెపట్టు మట్టిపాత్రలలో వడ్డిస్తారు. ఉన్న ఒక్క పెద్దబాతును కూడ కోయబోగా అతిథులే వద్దంటారు. పోసినకొలది ద్రాక్షారసము తరగకపోవుట చూచి వారికి భయము పుడుతుంది. చివరకు ఊరు నీటిలో మునుగుతుంది, గుడిసె గుడియగును, దంపతులు ఒకే ఘడియలో రెండు చెట్లుగా మారుతారు.

డ్రైడెన్ దీనిని 1700లో ఆంగ్ల ద్విపదలలో వ్రాశాడు. అనువాదము మూడు విధములని ఆయనే 1680లో చెప్పియున్నాడు: మాటకు మాట తెచ్చుట, భావమును అనుసరించుట, మూలమును ఆధారము చేసుకొని స్వేచ్ఛగా అనుకరించుట. మధ్యమార్గమే ఆయనకు నచ్చినది. ఆ కొలతతోనే చూస్తే ఈ కథలో ఆయన మూడవ మార్గము వైపు జరిగాడు. మూలము కంటె బాగా పొడిగించి, మధ్య మధ్య పట్టణవాసి చిరునవ్వును చేర్చాడు. ఓవిడ్ కూడ నవ్వుతాడు. అయితే ఆ బీద ఇంటి వస్తువులన్నిటినీ చేతితో తాకి చూపిన తరువాత నవ్వుతాడు. ఆ కుండపెంకు పేదరికమునకు గుర్తు, మర్యాదకు కూడ గుర్తు. గోల్డింగ్ పల్లె మాటలలో ఆ మర్యాద నిలిచింది. డ్రైడెన్ నునుపైన పద్యములో కొంత తగ్గింది.

1709లో జోనతన్ స్విఫ్ట్ అనే ఆంగ్లికన్ గురువు ఇదే కథను కెంట్ జిల్లాలోని పల్లెకు మార్చి ఎగతాళిగా వ్రాశాడు. దేవతలకు బదులు ఇద్దరు సన్యాసులు వస్తారు. గుడిసె పల్లె చర్చిగా మారుతుంది, వంటపాత్ర గంటయగును, ముసలాయన ఆ ఊరి పాదిరి అవుతాడు. ఇది ఓవిడ్ మాట అని స్విఫ్ట్ ఎక్కడా నటించలేదు, కాబట్టి ఇందులో అబద్ధసాక్ష్యము లేదు. స్వేచ్ఛ తీసుకొనుట తప్పు కాదు. తీసుకొన్న స్వేచ్ఛను దాచుట తప్పు.

లుస్త్రలో అనువాదము తప్పిన దినము

ఈ కథ మన బైబిలులోని ఒక అధ్యాయమునకు ఎంతో దగ్గరిది. ఫ్రుగియకు పొరుగునున్న లుకయొనియలోని లుస్త్రలో, కుంటివాడు నడచుట చూచిన జనులు దేవతలు మనుష్యరూపముతో దిగివచ్చారని కేకలు వేశారు (అ.కా. 14:8-18). ఒకసారి అతిథులను తరిమి మునిగిపోయిన ఊరి కథ ఆ ప్రాంతములో తెలిసియుంటే, ఆ పూజారి ఎడ్లను, పూదండలను అంత త్వరగా ఎందుకు తెచ్చాడో మనకు అర్థమవుతుంది. లుస్త్ర పరిసరములలో దొరికిన మూడవ శతాబ్దపు శిలాశాసనములలో ఈ ఇద్దరు దేవతలు జంటగా కనబడుతున్నారని కాల్డర్ అను పండితుడు 1910లో ప్రకటించాడు. వ్యాఖ్యాతలు ఓవిడ్ కథను ఈ అధ్యాయముతో కలిపి చదువుటకు ఇదియు ఒక కారణము.

అనువాద దృష్టితో రెండు సంగతులు గమనించవలెను. మొదటిది పేర్లు. 1611 నాటి ఆంగ్ల బైబిలు గ్రీకు పేర్లను తీసివేసి రోము పేర్లయిన జూపితరు, మెర్కురీలను పెట్టింది. మన తెలుగు బైబిలు బర్నబాకు 'ద్యుపతి' అని, పౌలునకు 'హెర్మే' అని వ్రాసింది. ద్యుపతి అనగా ఆకాశమునకు అధిపతి. అందులోని 'ద్యు', జూపితరు పేరులోని మొదటి భాగము ఒకే ధాతువునుండి పుట్టినవి. మన అనువాదకులు అక్కడ ఇంద్రుడని గాని విష్ణువని గాని వ్రాయలేదు. అర్థము తెలిపారు, కాని పొరుగువాని దేవుని పేరును ఈ కథలోనికి ఈడ్చలేదు. ఇది న్యాయమైన పద్ధతి.

రెండవది భాష. జనులు లుకయొనియ భాషలో కేకలు వేశారని లూకా ప్రత్యేకముగా చెబుతాడు (14:11). అపొస్తలులు బట్టలు చింపుకొన్నది ఆ కేకలకు కాదు, బలి ప్రయత్నము సంగతి విన్న తరువాతనే (14:14). ప్రసంగము ఒక భాషలో, ప్రజల లోపలి మాట మరొక భాషలో జరిగింది. స్వస్థత నిజమే, సువార్త నిజమే. అయితే విన్నవారు దానిని తమ పాత కథలో కూర్చుకున్నారు. మైదానమునుండి వచ్చిన సేవకుడు తెలుగులో ప్రసంగించి, విన్నవారు ఇంటికి వెళ్లి కోయభాషలో దానిని చర్చించుకొనే ఊళ్లు మన ప్రాంతములో నేటికీ ఉన్నాయి. అక్కడ లుస్త్ర అధ్యాయము పురాతన చరిత్ర కాదు.

నేటి అనువాదములు: ఉన్నదానిని ఉన్నట్లు

ఇరువదవ శతాబ్దములో రాల్ఫ్ హంఫ్రీస్ (1955), ఎ. డి. మెల్విల్ (1986), అలెన్ మాండెల్‌బామ్ (1993), తరువాత డేవిడ్ రేబర్న్ (2004) మొత్తము కావ్యమును పద్యములుగా అనువదించారు. టెడ్ హ్యూస్ 24 కథలను మాత్రమే తీసుకొని తన గొంతుతో తిరిగి చెప్పాడు. అది బలమైన కవిత్వమే. అయితే దానిని ఓవిడ్‌కు బదులుగా గాక ఓవిడ్ తరువాత చదువవలెనని మా అభిప్రాయము.

2022లో స్టెఫనీ మెకార్టర్ చేసిన అనువాదము ఈ చర్చకు ముఖ్యమైనది. ఓవిడ్ కథలలో చాలా భాగము దేవతలు స్త్రీలను చెరచిన కథలు. పూర్వపు అనువాదములలో చాలాచోట్ల ఆ బలాత్కారము ప్రేమగా, సరసముగా మెత్తబడింది. మెకార్టర్ బలాత్కారమును బలాత్కారమనే చెప్పింది. మూలములో లేని సౌందర్య వర్ణనలను స్త్రీల శరీరములకు చేర్చకుండా జాగ్రత్తపడింది. ఫిలొమేల కథలో బాధితురాలి నాలుక కోయబడుతుంది. ఆమె తన కథను వస్త్రములో నేసి పంపుతుంది. నాలుక లేనివాని కథను మోసుకొనిపోయే అనువాదకుడు ఆ వస్త్రములోని దారమును మార్చరాదు. కథను అందగించుట కూడ, నల్లపరచుట వలెనే, అబద్ధసాక్ష్యమే. తామారు కథను (2 సమూ. 13) ఆదివారమున మెత్తగా దాటవేసే మనకు ఈ మాట గట్టిగా తగలవలెను.

మన అడవి అంచున

ఓవిడ్ కథలలో వలెనే మన ప్రాంతములోను రూపాంతర గాథలు కలవు. సంపెంగ వాగులో పడి ప్రాణము విడిచిన జంపన్న పేరు ఆ వాగుకు నిలిచింది. గాయపడిన సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్లి అదృశ్యమై, కుంకుమభరిణ రూపములో కనబడినదని ప్రజలు చెప్పుకుంటారు. కోయల గాథలను డోలీ కళాకారులు పడిగెలు అనబడే చిత్రవస్త్రములను విప్పి పాడుతారు. మణుగూరు మండలము కూనవరమునకు చెందిన సకిని రామచంద్రయ్య గారు ఈ గాథలను కోయభాషలోను, తెలుగులోను పాడినందుకు 2022లో పద్మశ్రీ పొందారు. 2024లో ఆయన కన్నుమూశారు. అచ్చు పుస్తకము లేని కథకు గాయకుడే గ్రంథము. అటువంటి కథను తప్పుగా తిరిగి చెబితే సరిచూచుకొనుటకు మూలప్రతి ఉండదు.

ఈ ప్రాంతములో మన పూర్వికుల మాదిరి కూడ కలదు. దుమ్ముగూడెములో చర్చి మిషనరీ సొసైటీ పక్షమున పనిచేసిన జాన్ కేన్ దొరగారు 1876నుండి 'ఇండియన్ యాంటిక్వెరీ' పత్రికలో భద్రాచలం, రేకపల్లి తాలూకాల కోయల ఆచారములను, వారు చెప్పిన సంగతులను ప్రకటించారు. 1909లో థర్‌స్టన్ తన కులముల గ్రంథములో ఆ వ్రాతలను విరివిగా వాడుకున్నాడు. వాటిలో ఆ కాలపు దొరతనపు చూపు లేదని కాదు. అయినను ప్రసంగము వేరు, వినినది వ్రాసియుంచుట వేరు అని ఆయన ఎరిగియుండెను.

నేడు మన ప్రసంగములలో చిక్కు ఎక్కువగా ఒక్క మాట దగ్గర వస్తుంది. కోయలు తమ వేల్పు అని చెప్పుకొనేదానిని మనలో చాలామంది 'దయ్యము' అని అనువదిస్తారు. అన్యజనులర్పించు బలులు దయ్యములకే అని పౌలు వ్రాయలేదా (1 కొరింథీ 10:20) అని అడుగవచ్చు. వ్రాశాడు. అయితే అది సంఘమునకు వ్రాసిన లేఖలో తన తీర్పుగా వ్రాశాడు. పూజించేవారు తమ పూజను గూర్చి చెప్పుకొనే మాటగా వ్రాయలేదు. ఏథెన్సువారి ఎదుట మాట్లాడినప్పుడు వారిని దేవతాభక్తి గలవారని పిలిచి (అ.కా. 17:22), తరువాతనే మారుమనస్సునకు పిలిచాడు (17:30). నివేదిక వేరు, తీర్పు వేరు. గోల్డింగ్ పద్యము వేరు, ముందుమాట వేరు అయినట్లే ఇదియు. రెండింటినీ కలిపివేసినప్పుడు, ఆశ్రమ పాఠశాలలో చదువుకొనే పిల్లవాడు తన నాయనమ్మ జీవితకాలమంతా దయ్యములతో మాట్లాడినదని ఇంటికి వెళ్లి చెబుతాడు. ఆ ముసలామె మన మాటను ఇక ఎన్నడూ వినదు.

ఒక ఆక్షేపణ

మన పిలుపు సువార్త ప్రకటించుటకే గాని పురాణములను భద్రపరచుటకు కాదని కొందరు సేవకులు అంటారు. ఈ మాటను మేము తేలికగా తీసుకొనము. లుస్త్రలో పౌలు కూడ ఆ కథను మెచ్చుకోలేదు. ఈ వ్యర్థమైనవాటిని విడిచిపెట్టి జీవముగల దేవుని వైపు తిరగండని స్పష్టముగా పిలిచాడు (14:15). వర్షమును, ఫలవంతములైన ఋతువులను, ఆహారమును ఇచ్చే దేవుని గూర్చి ఆ రైతులకు అర్థమయ్యే మాటలలో చెప్పాడు (14:17). అయితే ఆ పిలుపుకు ముందు, జనులు ఏమి అనుకొనుచున్నారో ఆయన తెలుసుకొనవలసి వచ్చింది. వినకుండా ఖండించినవాడు ఖండించినది తాను ఊహించుకొన్న కథనే. పొరుగువాని కథ చెక్కుచెదరకుండా అక్కడే ఉంటుంది.

కాబట్టి విద్యార్థులకు ఒక కొలత సూచిస్తున్నాము. ఇతరుల కథను ప్రసంగములో చెప్పబోయే ముందు, ఆ కథగలవాడు మందిరపు వెనుక వరుసలో కూర్చున్నాడని అనుకొనండి. మీరు చెప్పినది విని, నీ ముగింపుకు ఒప్పుకోను గాని మా కథ మాత్రము ఇదే అని అతడు అనగలడా? అనగలిగితే మీ అనువాదము నమ్మకమైనది. అప్పుడు మీ స్వంత మాటగా, మీ ప్రభువును గూర్చి, ధైర్యముగా చెప్పండి.

ముగింపు

ఓవిడ్‌ను ఆంగ్లములో చెప్పినవారిలో తప్పులేనివాడు ఒక్కడూ లేడు. గోల్డింగ్ వేల్పులను మాయజీవులుగా చేశాడు. శాండిస్ కవి సముచ్చయమును మాయము చేశాడు. డ్రైడెన్ గుడిసెలో పట్టణపు నవ్వును చేర్చాడు. అయినను వారందరూ మూలమును బల్లమీద తెరచి ఉంచుకొని పనిచేశారు. కాబట్టి వారు ఎక్కడ తొలగినారో మనము చూపగలుగుచున్నాము. మన పొరుగువారి కథలకు మూలము వారి నోళ్లలోనే ఉన్నది. దానిని తెరచి చదువవలెనంటే వారి గుమ్మము ముందు కూర్చుని వినుట తప్ప వేరు మార్గము లేదు. సత్యమును గూర్చి సాక్ష్యమిచ్చుటకు వచ్చినవాని సేవకులము (యోహాను 18:37). పొరుగువాని విషయములో సత్యము తప్పిన నోటితో ప్రభువును గూర్చి సత్యము పలుకుట సాధ్యము కాదు.